పీటర్ పైపర్‌తో తెలుగు నోటికి పనేంటి?

"ఎవ్రీ ఇయర్ ఎడ్ ఈట్స్ ఎయిటీ ఎగ్స్."

ఎడ్ అనే ఆయన ఏడాదికి ఎనభై గుడ్లు తింటాడని దీని అర్థం. ఈ వ్యాసం కోసం అల్లిన వాక్యం కాబట్టి ఇంకెక్కడా దొరకదు. పదిసార్లు గబగబా చదివినా నాలుక తడబడదు. అయితే ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నప్పుడు చాలామంది తెలుగువాళ్ల గొంతులో అది "యెవ్రీ యియర్ యెడ్ యీట్స్ యెయిటీ యెగ్స్" అయి వినిపిస్తుంది. ఆరు మాటల్లో మొదట 'య' పలకాల్సింది ఒక్కదానికే, సంవత్సరం అనే అర్థమున్న ఇయర్‌కి. చెవి అనే అర్థమున్న ఇయర్‌కి అది కూడా ఉండకూడదు. తెలుగు లిపిలో రెండిటినీ ఒకేలా రాస్తాం, నోట్లోనూ ఒకేలా పలుకుతాం. గోడమీద "యం.ఎల్.ఏ." అనీ, ఫ్లెక్సీమీద "యన్.టి.ఆర్." అనీ రాసే అలవాటుకు మూలం కూడా ఇదే. మాట మొదట ఇ, ఈ, ఎ, ఏ వస్తే ముందు ఒక సన్నని 'య', ఉ, ఊ, ఒ, ఓ వస్తే ముందు ఒక 'వ' చేర్చడం తెలుగు నోటి స్వభావం. యకారమూ, వు వూ వొ వోలూ తెలుగు మాటలకు మొదట లేవని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం చేశాడు. జనం నోట అవి అంతగా వినిపించకపోతే ఆ సూత్రంతో పనేముండేది?

టంగ్ ట్విస్టర్ల గురించి మాట్లాడేటప్పుడు ఈ ఎడ్ గుడ్ల కథతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఇంగ్లీషు ఉచ్చారణ బాగుపడాలంటే నోరు తిరగని వాక్యాలు సాధన చేయమని స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుల్లోనూ వీడియోల్లోనూ తరచూ చెబుతారు. నోరు తిరగని వాక్యం ఎక్కడ తడబడుతున్నామో చూపిస్తుంది. తడబడకుండా, హాయిగా, ధీమాగా తప్పు పలికే చోటును అది చూపించలేదు. తెలుగువాళ్ల ఇంగ్లీషులో ఇబ్బందంతా ఈ రెండో రకం చోట్లలోనే ఉంది.

అసలీ వాక్యాలు ఎవరి కోసం పుట్టాయో ఒకసారి చూడాలి. అన్నిటికన్నా పేరున్న పీటర్ పైపర్ వాక్యం 1813లో లండన్‌లో జాన్ హారిస్ అనే ప్రచురణకర్త వేసిన పిల్లల పుస్తకంలో ఉంది. అక్షరానికొక వాక్యం చొప్పున, ఇంగ్లీషే మాతృభాష అయిన పిల్లలకు స్పష్టంగా పలకడం నేర్పడం దాని ఉద్దేశం. ఆ పిల్లల నోట్లో ఇంగ్లీషు ధ్వనులు ముందే ఉన్నాయి. వాళ్లకు కావాల్సింది ఆ ధ్వనుల్ని తొందరలో మింగేయకుండా, కలిపేయకుండా పలకడం. తెలుగు పిల్లవాడు "కాకీక కాకికి కాక కేకికా" అని ఆడుకోవడం కూడా అలాంటిదే. ఆ పిల్లవాడికి 'క' ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. "లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్యకు ఒక భక్ష్యం లక్ష్యమా" అన్నప్పుడు తడబాటు వచ్చేది క్ష రాక కాదు, క్ష, భ, ల వరసలో ఏది ముందో నోటికి అందక.

ఆ తడబాటు నిజానికి నాలుకది కాదు, మెదడుది. మాట బయటికి రాకముందే రాబోయే ధ్వనులు లోపల వరసలో నిలబడతాయి. దగ్గర పోలికలున్న రెండు ధ్వనులు ఒకే స్థానం కోసం పోటీపడితే ఒకదాని చోటికి ఇంకొకటి దూరుతుంది. "షీ సెల్స్ సీషెల్స్ బై ద సీషోర్" కష్టం కావడానికి కారణం అందులోని వరస: ష, స, స, ష, మళ్లీ స, ష. క్రమం మాటిమాటికీ తిరగబడుతుంది కాబట్టి మెదడు ఒక లయకు అలవాటు పడేలోపే దారి మారిపోతుంది. పెదవి కదపకుండా కళ్లతో చదివినా ఇలాంటి వాక్యాలు మామూలు వాక్యాలకన్నా నెమ్మదిగా సాగుతాయంటే చిక్కు ఎక్కడుందో అర్థమవుతుంది. 2013లో అమెరికాలోని ఎంఐటీకి చెందిన స్టెఫనీ షటక్ హఫ్‌నాగెల్ బృందం "పాడ్ కిడ్ పోర్డ్ కర్డ్ పుల్డ్ కాడ్" అనే వాక్యాన్ని పరీక్షలకు వాడింది. కొందరు దాన్ని చెప్పలేక మధ్యలోనే ఆగిపోయారు. ప్రపంచంలోకెల్లా కష్టమైన టంగ్ ట్విస్టర్ అని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆ వాక్యం తయారైంది మెదడు ఎలా పొరబడుతుందో చూడటానికి. ఉచ్చారణ నేర్చుకునేవాళ్లకు అది పనికొచ్చేది చాలా తక్కువ. అర్థం లేని మాటల్ని వేగంగా పలకడంలో నేర్పు వస్తుంది, అంతే.

కాబట్టి వేగం కొలమానం అనుకోవడమే మొదటి పొరపాటు. తెలుగు 'ప'తో పీటర్ పైపర్‌ని నిమిషంలో ఇరవైసార్లు అనగలిగితే తెలుగు 'ప' ఇంకా గట్టిపడుతుంది, ఇంగ్లీషు 'పి' రాదు. సాధనతో తప్పుకు కూడా సాన పడుతుంది.

రెండో పొరపాటు ఎవరి మందో మనం తాగడం. ఇంటర్నెట్‌లో తిరిగే జాబితాలు ప్రపంచంలోని అందరికీ కలిపి చేసినవి. "రెడ్ లారీ, యెల్లో లారీ" అనేది రకారం, లకారం కలిసిపోయే జపాన్ వాళ్లకు పనికొస్తుంది. వేరుకూ వేలుకూ తేడా ఉగ్గుపాలతో నేర్చుకున్న తెలుగువాళ్లకు అది వట్టి ఆట, మన పిల్లల "నల్ల లారీ ఎర్ర లారీ" లాంటిది. "షిప్, షీప్" జంటలతో అల్లిన వాక్యాలదీ కొంతవరకు ఇదే సంగతి. హ్రస్వం, దీర్ఘం తేడాతో అర్థం మారే భాష మనది. విడు అంటే ఒకటి, వీడు అంటే ఇంకొకటి. ఇంగ్లీషు షిప్‌లోని అచ్చు పొట్టిదే కాకుండా కాస్త వదులుగా, 'ఎ' వైపు వాలి ఉంటుంది. ఆ చిన్న సవరణ చాలు, దానికోసం నెలలు ఖర్చు పెట్టనక్కర్లేదు.

అందరూ ముందు పట్టుకునేది "థర్టీ త్రీ థీవ్స్" రకం వాక్యాలను. నాలుక పళ్లమధ్య పెట్టి గాలి వదలండి అని అద్దం ముందు నిలబెడతారు. థింక్ అనేటప్పుడు తెలుగువాళ్లు రథంలోని థ పలుకుతారు. గాలి ఒక్కసారిగా ఆగి విడుదలవుతుంది. ఇంగ్లీషులో అది ఆగకుండా సన్నగా జారుతూ పోవాలి. తేడా ఉన్నమాట నిజమే. కానీ మన థ వల్ల మాట అర్థం కాకపోవడం అరుదు, ఎందుకంటే టిన్‌కీ థిన్‌కీ తేడా మన నోట్లో చక్కగానే నిలుస్తుంది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేటప్పుడు ఏ ధ్వనులు తప్పితే అర్థం చెడుతుందో పరిశీలించిన బ్రిటన్ భాషావేత్త జెన్నిఫర్ జెంకిన్స్, 2000లో ఒక ముఖ్యాంశాల పట్టిక ప్రతిపాదించారు. అందులో ఈ థకు చోటు లేదు. మాట మొదట వచ్చే ప, ట, కలతో పాటు రావాల్సిన ఊపిరికి మాత్రం చోటుంది.

ఇక్కడే పీటర్ పైపర్ తెలుగువాళ్లకు నిజంగా అక్కరకొస్తాడు.

"పీటర్ పైపర్ పిక్డ్ ఎ పెక్ ఆఫ్ పికిల్డ్ పెప్పర్స్." పెక్ అంటే మన కుంచంలాంటి పాత కొలత, సుమారు తొమ్మిది లీటర్లు. ఈ వాక్యంలో ఆరు మాటలు 'ప'తో మొదలవుతాయి. ఇంగ్లీషులో ఇలా మాట మొదట, ఊనిక (స్ట్రెస్) పడే చోట వచ్చే ప, ట, కలు అల్పప్రాణాలుగా ఉండవు. పెదవి విడిపోయాక ఒక చిన్న ఊపిరి తెర బయటికొస్తుంది. తెలుగు ప పొడిగా ఉంటుంది, ఊపిరి రాదు. ఇంగ్లీషు చెవి ప, బల తేడాను చాలావరకు ఆ ఊపిరితోనే పోల్చుకుంటుంది. అందుకే తెలుగువాళ్లు పిన్ అంటే అవతలివాళ్లకు బిన్ అనీ, కోల్డ్ అంటే గోల్డ్ అనీ వినిపించే ప్రమాదం ఉంది. ఫోన్‌లో ఇంకా ఎక్కువ. అన్నది ఒకటి, విన్నది ఒకటి అయినప్పుడు మన వ్యాకరణం బాగాలేదేమోనని టెన్షన్ పడతాం గానీ, కొన్నిసార్లు లోపం ఇంత చిన్నది.

నోటికి బెత్తెడు దూరంలో పల్చటి కాగితం ముక్క పట్టుకుని ఆ వాక్యం నెమ్మదిగా చెప్పి చూడవచ్చు. తెలుగు ప పలికితే కాగితం కదలదు, ఇంగ్లీషు పి పలికితే ఊగుతుంది. ఆరు మాటలకు ఆరుసార్లు ఊగాలి. క, ట విషయంలో మనకొక సౌకర్యం ఉంది. ఖ, ఠ లిపిలో ఉన్నాయి, వాటివైపు కొంచెం జరిగితే చాలు. ప దగ్గర మాత్రం ఒక చమత్కారం ఉంది. ఒత్తు ఫ లిపిలో ఉంది గానీ ఫలం, ఫలితం అనేటప్పుడు చాలామంది పై పళ్లు కింది పెదవికి ఆనించి ఫ్యాన్‌లోని ఫ పలుకుతున్నారు. అందుకని "ఫ అనండి" అని నేర్పితే పీటర్ కాస్తా ఫీటర్ అవుతాడు. రెండు పెదవులూ పూర్తిగా కలిసి విడిపోవాలి, తర్వాత ఊపిరి రావాలి. ఇంకో మెలిక: ప ముందు స ఉంటే ఈ ఊపిరి ఉండదు. స్పీడ్, స్పిన్ మాటలకు తెలుగు ప సరిగ్గా సరిపోతుంది.

వకారం సంగతి మరీ చిక్కు. దాని గురించి తెలుగు లిపిలో రాయడమే కష్టం. విక్టరీలో ఉండే వి, వాటర్‌లో ఉండే డబ్ల్యూ ఇంగ్లీషులో వేర్వేరు ధ్వనులు. మనకున్నది ఒకే 'వ', రెండిటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. చొక్కా లోపల వేసుకునే వెస్ట్, పడమర అనే వెస్ట్ తెలుగులో రాస్తే ఒకటే. ద్రాక్షతీగ, ద్రాక్షసారా రెండూ వైనే. విక్టరీ వికి పై పళ్లు కింది పెదవిని తాకాలి, అద్దంలో పళ్లు కనిపించాలి. వాటర్ డబ్ల్యూకి పెదవులు ఈల వేయబోతున్నట్టు గుండ్రంగా ముందుకు రావాలి, పళ్లు కనిపించకూడదు. దీనికి ప్రసిద్ధ వాక్యాల్లో దొరికేవి ఎక్కువగా ఒకే ధ్వనిని పదేపదే వాడేవి. వాటివల్ల పెద్దగా లాభం లేదు. రెండూ పక్కపక్కన ఉండాలి. "వెరీ వెల్" అనే రెండు మాటలే ఉత్తమమైన టంగ్ ట్విస్టర్: మొదటిది పళ్లతో, రెండోది పెదవులతో. వేదపాఠంలో జట అనే పద్ధతి ఉంది. ఒకటి రెండు, రెండు ఒకటి, మళ్లీ ఒకటి రెండు అని మాటల్ని ముందుకూ వెనక్కూ చెప్పిస్తారు. స్వరం, వర్ణం చెదరకుండా తరాలపాటు కాపాడినవాటిలో ఆ పద్ధతి ఒకటి. వెరీ వెల్, వెల్ వెరీ, వెరీ వెల్ అని అదే వరసలో చెప్పుకుంటే తేడా నోటికి పట్టుబడుతుంది. మొదట్లో వినేవాళ్లకు నవ్వు రావచ్చు.

జీరో, జూ, రోజెస్ మాటల్లోని ధ్వని మనకు లేదని అనుకుంటారు గానీ, దాని పొరుగింట్లోనే ఉన్నాం. జడ, జొన్న, జున్ను అనేటప్పటి జ వేరు, జయం, జీతం అనేటప్పటి జ వేరు. వ్యాకరణంలో మొదటిది దంత్యం, రెండోది తాలవ్యం. నిఘంటువుల్లో దంత్యానికి ౙ అనే ప్రత్యేక గుర్తు కూడా ఉంది. జున్నులోని జ పలుకుతూ నాలుక కొస పైన తగలకుండా కొంచెం దించి, తుమ్మెద ఝుంకారంలా సాగదీస్తే ఇంగ్లీషు ధ్వని వచ్చేస్తుంది. తెలుగు అలవాటులో ఇ, ఈ, ఎ, ఏలతో కలిసిన జ తాలవ్యం, అ, ఉ, ఒలతో కలిసినది దంత్యం. జూలో సులువుగా పట్టుబడిన ధ్వని జీరోలో జారిపోవడానికి ఇదీ ఒక కారణమనుకోవచ్చు. "ఫజీ వజీ వాజ్ ఎ బేర్, ఫజీ వజీ హ్యాడ్ నో హేర్" అనే పిల్లల పాట దీనికి బాగుంటుంది. ఇందులో గుండ్రటి పెదవుల డబ్ల్యూ కూడా ఉంది కాబట్టి ఒకే దెబ్బకు రెండు పిట్టలు.

స, షల వాక్యం అందరికీ అవసరం లేదు. చేసి అని రాసేవాళ్లే చేశాడు అని రాస్తారు, కొందరు చేసాడు అంటారు. శనివారం కొందరి నోట సనివారం అవుతుంది. ఇంట్లో షాపును సాపు, షర్టును సర్టు అనే అలవాటున్నవాళ్లకు సీషెల్స్ వాక్యం నిజమైన సాధన, మిగతావాళ్లకు కాలక్షేపం. మాట చివర హల్లు నిలపడం మాత్రం చాలామందికి అవసరం. తెలుగు అజంత భాష. బస్సు, రోడ్డు, బల్బు అని ప్రతి మాటకూ చివర అచ్చు తగిలించి ఇంట్లో కలుపుకుంటుంది. తెలుగులో అది అందమే. ఇంగ్లీషులో "ఎ బిగ్ బ్లాక్ బగ్ బిట్ ఎ బిగ్ బ్లాక్ బేర్" అన్నప్పుడు బిగ్గు, బ్లాక్కు, బగ్గు అయితే లేని అక్షరాలు పుట్టుకొచ్చి లయ చెడుతుంది. బిగ్ దగ్గర నాలుక వెనక భాగం మూసుకుని అలాగే ఉండగా పెదవులు బ్లాక్ కోసం సిద్ధం కావాలి. మధ్యలో గాలి వదలకూడదు.

ధ్వనుల సంగతి ఇంతవరకు. వినేవాళ్లకు మన మాట అందడంలో వీటన్నిటికన్నా పెద్ద పాత్ర లయది. టంగ్ ట్విస్టర్లలో తెలుగువాళ్లు ఎక్కువగా వదిలేసుకుంటున్న లాభమూ ఇదే.

హైదరాబాద్‌లోని కేంద్రీయ ఆంగ్ల సంస్థ, అంటే ఇప్పటి ఇఫ్లూ, 1969లో ఆర్.కె. బన్సల్ పరిశోధనను ప్రచురించింది. భారతీయుల ఇంగ్లీషు ఇతర దేశాల వాళ్లకు ఎంత అర్థమవుతోంది, ఎక్కడ అర్థం కావడంలేదు అన్నది అందులో విషయం. మాటలో ఊనిక పడాల్సిన చోట పడకపోవడాన్ని ముఖ్య కారణాల్లో ఒకటిగా ఆయన చూపించారు. హోటల్, కమిటీ, డెవలప్‌మెంట్ మాటల్లో ఇంగ్లీషువాళ్లు రెండో అక్షరాన్ని ఊని పలుకుతారు. మనం అన్ని అక్షరాలకూ సమాన గౌరవం ఇస్తాం, లేదా మొదటిదాన్ని ఊనుతాం. జెంకిన్స్ పట్టికలో మాటలోని ఊనికకు ఇంత ప్రాధాన్యం లేదు, వాక్యంలో ఏ మాటను ఊనాలన్నదానికే ఆమె పీట వేశారు. ఇద్దరూ వేర్వేరు శ్రోతల్ని దృష్టిలో పెట్టుకున్నారన్నది గుర్తుంచుకుంటే ఇందులో వైరుధ్యం పెద్దగా లేదు. అవతల ఉన్నది అమెరికా క్లయింటా, జర్మనీ ఇంజనీరా అన్నదాన్నిబట్టి అవసరం మారుతుంది.

తెలుగు పద్యం తెలిసినవాళ్లకు ఇంగ్లీషు లయ అర్థం కావడానికి దగ్గర దారి ఉంది. పీటర్ పైపర్ వాక్యాన్ని విడగొడితే పీ-టర్, పై-పర్, పిక్డ్-ఎ, పెక్-ఆఫ్, పిక్-ల్డ్, పెప్-పర్స్ అని ఆరు జతలు వస్తాయి. ప్రతి జతలో మొదటిది బరువు, రెండోది తేలిక. మన లెక్కలో చెప్పాలంటే వరసగా ఆరు హగణాలు. తేడా ఎక్కడంటే మన గురువు, లఘువు కాలాన్నిబట్టి. రెండు మాత్రలు పడితే గురువు, ఒకటైతే లఘువు, లఘువైనా దాని అచ్చు స్పష్టంగానే వినిపిస్తుంది. ఇంగ్లీషులో బరువు అక్షరం కాలంతోపాటు గొంతు ఎత్తునూ బలాన్నీ కూడా లాక్కుంటుంది, తేలిక అక్షరంలో అచ్చు వాడిపోతుంది. పిక్డ్ ఎ అన్నచోట 'ఎ' ఎకారం కాదు, ఆఫ్‌లో ఆకారం ఉండదు. రెండూ అస్పష్టమైన 'అ'గా నలిగిపోతాయి. అలా నలపడం మనకు అమర్యాదగా, మింగేసినట్టుగా అనిపిస్తుంది. ఇంగ్లీషు చెవికి మాత్రం నలగకపోతేనే ఇబ్బంది.

దీనికి "హౌ మచ్ వుడ్ వుడ్ ఎ వుడ్‌చక్ చక్, ఇఫ్ ఎ వుడ్‌చక్ కుడ్ చక్ వుడ్" వాక్యం చక్కటి ఉదాహరణ. వుడ్‌చక్ అమెరికాలో నేలలో బొరియలు తవ్వుకునే జంతువు. అది కర్ర విసరగలిగితే ఎంత కర్ర విసిరేది అన్నది ప్రశ్న. కర్ర అనే వుడ్, భవిష్యత్తునూ ఊహనూ చెప్పే వుడ్ విడిగా ఒకేలా పలుకుతాయి. వాక్యంలో మాత్రం మొదటిది బరువుగా, రెండోది తేలికగా వస్తుంది. రెండూ సమానంగా పలికితే వుడ్‌వుడ్‌వుడ్ అని ఒక మూట తయారవుతుంది, వినేవాళ్లు ఏది కర్రో పోల్చుకోలేరు. తాళం వేసినట్టు బల్లమీద చేత్తో కొడుతూ, దెబ్బ పడే అక్షరాలను మాత్రమే ఎత్తి చెబితే వాక్యం దానంతటదే విడిపోతుంది. స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుల్లో ఈ వాక్యాన్ని స్టాప్‌వాచ్ పెట్టి చెప్పించేకన్నా తాళం వేసి చెప్పిస్తే బాగుండేది.

నోటి సాధనకు ముందు చెవి సాధన కావాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. జపాన్ వాళ్లకు ఇంగ్లీషు ర, లల తేడా వినడంలో మాత్రమే శిక్షణ ఇచ్చి, రకరకాల గొంతుల రికార్డింగులు వినిపించి చూసిన పరిశోధన 1997లో వెలువడింది. ఆన్ బ్రాడ్లో, డేవిడ్ పిసోనీ బృందం చేసినది. పలకడంలో ఏ శిక్షణా లేకపోయినా వాళ్ల పలుకుబడి కూడా మెరుగుపడింది. వినపడని తేడాను నోరు పలకలేదు. కాబట్టి వెస్ట్, వెస్ట్‌ల రికార్డింగు పెట్టుకుని ఏది ఏదో కళ్లు మూసుకుని గుర్తుపట్టగలిగాకే టంగ్ ట్విస్టర్‌లోకి దిగడం మేలు. వినేది ఒకే గొంతయితే ఆ గొంతుకే అలవాటు పడతాం. ఆడ, మగ, పిల్లలు, అమెరికా, బ్రిటన్ అన్నీ కలిసి ఉండాలి.

ఫోన్‌లో వాయిస్ టైపింగ్ పెట్టి, టంగ్ ట్విస్టర్ చెప్పి, తెరమీద సరిగ్గా పడితే ఉచ్చారణ కుదిరినట్టే అనుకునేవాళ్లున్నారు. అందులో మోసపోయే వీలుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ ముందు వెనక మాటల్నిబట్టి ఊహించి కూడా రాస్తుంది. పీటర్ పైపర్ లాంటి లోకప్రసిద్ధ వాక్యంలో రెండు మాటలు అందితే మిగతాది పూరించుకోగలదు. ఫోన్‌ని పరీక్షకుడిగా వాడాలంటే పిన్, బిన్, వెస్ట్ లాంటి విడి మాటలు చెప్పి చూడటం నయం. ఐఎల్టీఎస్ స్పీకింగ్ పరీక్షలో ఉచ్చారణ నాలుగు ప్రమాణాల్లో ఒకటి, మార్కుల్లో నాలుగో వంతు. అక్కడ ఎదుట ఉండేది మనిషి, అడిగేది సొంత మాటలు. కంఠతా పట్టిన వాక్యానికి అక్కడ పని పడదు.

టంగ్ ట్విస్టర్‌లో కుదిరిన ధ్వని మామూలు సంభాషణలోకి దిగకపోవడమే ఈ సాధనలోని అసలు బలహీనత. మనసంతా పెదవులమీద పెట్టి చెప్పే వాక్యం వేరు, ప్రాజెక్ట్ ఎందుకు ఆలస్యమైందో మేనేజర్‌కి వివరించే వాక్యం వేరు. దానికి దారి మధ్యలో ఒక మెట్టు వేసుకోవడం: రోజూ నోట్లో మెదిలే మాటల్లోంచే వాక్యాలు అల్లుకోవడం. సొంత ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, కంపెనీ పేరు, మీటింగు వేళలు. వెన్స్‌డే, సెవెన్, ఎలెవెన్, ట్వెంటీ ఫైవ్, వుయ్ హ్యావ్ అన్నిటిలోనూ ఆ రెండు వకారాలే దాగి ఉన్నాయి. మొత్తం ఇంగ్లీషులో తెలుగు నోటికి ఇంతకన్నా పొట్టి టంగ్ ట్విస్టర్ దొరకదేమో అనిపించే మాట ఒకటుంది. పన్నెండు అనే ట్వెల్వ్. మొదట ట తర్వాత పెదవులు గుండ్రంగా రావాలి, చివర పై పళ్లు కింది పెదవికి ఆనాలి, ఆ తర్వాత ఉకారం రాకూడదు.